హైస్కూలు పిల్లలకు ప్రపంచ వార్తలను పాఠంగా చెప్పడం ఎలా?

ప్రశ్న: పల్నాడు సోషల్ మేడమ్

నమస్కారం. పల్నాడు జిల్లాలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తొమ్మిది, పది తరగతులకు సాంఘిక శాస్త్రం చెబుతున్నాను. ప్రార్థన అయ్యాక ఒక విద్యార్థి పత్రిక పట్టుకుని ఐదు ముఖ్యాంశాలు చదవడం మా బడిలో చాలా ఏళ్లుగా వస్తున్న ఆనవాయితీ. మొన్న ఒక అమ్మాయి "భద్రతా మండలిలో తీర్మానం వీగిపోయింది" అని ఎక్కడా తడబడకుండా చదివింది. తరగతికి వచ్చాక, వీగిపోవడమంటే ఏమిటమ్మా అని అడిగితే కాసేపు ఆలోచించి, "గాలికి ఎగిరిపోవడమేమో మేడమ్" అంది. తరగతంతా నవ్వింది. నవ్విన వారిలో సరైన అర్థం చెప్పగలిగినవారు ఇద్దరే. భద్రతా మండలి ఏమిటో, అందులో ఎవరుంటారో ఆ ఇద్దరికీ తెలియదు. ఇన్నేళ్లుగా మేము పిల్లలకు నేర్పింది వార్తను గట్టిగా చదవడం మాత్రమేనని ఆ రోజు నాకు అర్థమైంది.

సరే, నేనే చెబుదామని మొదలుపెట్టాను. గాజాలో అసలు గొడవ ఎందుకని ఒక అబ్బాయి అడిగితే, చరిత్ర పాఠం పక్కన పెట్టి పది నిమిషాలు మాట్లాడాను. మూడో రోజున ఒక తండ్రి బడికి వచ్చి, "పాఠాలు చెప్పమంటే మేడమ్ రాజకీయాలు చెబుతున్నారట" అని మా హెచ్‌ఎం గారితో అన్నారు. హెచ్‌ఎం గారు నన్ను తప్పుపట్టలేదు కాని, "ఎందుకొచ్చిన గొడవమ్మా, పుస్తకంలో ఉన్నది చెప్పేయండి, చాలు" అన్నారు. ఆ పది నిమిషాలలో నేను ఏ పక్షమూ తీసుకోలేదనే అనుకుంటున్నాను. అయితే పిల్లవాడు ఇంటికి వెళ్లి నా మాటలను ఎలా చెప్పాడో నాకు తెలియదు కదా.

దీనికి తోడు, పిల్లలు ఇంట్లో ఫోన్లలో చూసి వచ్చే వీడియోల బెడద ఒకటి. నేను చెప్పినదానికంటే వాటికే విలువ ఎక్కువ. సిలబస్ వెనకబడకుండా, మాట పడకుండా, పిల్లల మనసులో నిలిచేలా ఈ విషయాలు చెబుతున్నవారు ఎవరైనా ఉంటే, మీరు నిజంగా తరగతిలో ఏం చేస్తున్నారో వివరంగా రాయగలరు. "పిల్లల్లో ప్రపంచ దృక్పథం పెంపొందించాలి" వంటి మాటలు శిక్షణ తరగతుల్లో చాలా విన్నాను.

జవాబు: భీమవరం మాస్టారు

మేడమ్ గారూ, ఆ ఆనవాయితీ మా బడిలోనూ ఉండేది. నేనే పట్టుబట్టి మాన్పించాను. రోజుకు ఐదు చొప్పున ఏడాదికి వెయ్యికి పైగా శీర్షికలు పిల్లల చెవుల పక్క నుంచి పోతాయి, ఒక్కటీ నిలవదు. ఇప్పుడు మేము నెలకు ఒకే వార్త తీసుకుంటాము. వారానికి ఒక పీరియడ్, మొత్తం నాలుగు పీరియడ్లు, దానికే కేటాయిస్తాము.

2025 ఆగస్టులో వార్తను వెతుక్కోవలసిన పని పడలేదు. భారతదేశం నుంచి వెళ్లే సరుకులపై అమెరికా ఆ నెల 7 నుంచి 25 శాతం, మనం రష్యా చమురు కొంటున్నామన్న కారణం చూపి 27 నుంచి మరో 25 శాతం అదనపు సుంకం వేసింది. మా తరగతిలో సగానికి పైగా ఇళ్లకు రొయ్యల చెరువుతోనో, మేత దుకాణంతోనో, ప్రాసెసింగ్ ప్లాంటులో రొయ్యల తలలు తీసే పనితోనో సంబంధం ఉంది. మొదటి రోజు ఒకే ప్రశ్న వేశాను: ఈ 50 శాతం ఎవరు కడతారు? కొందరు మన రైతు అన్నారు, కొందరు మన ప్రభుత్వం అన్నారు. అమెరికాలో సరుకు దించుకునే దిగుమతిదారు కడతాడని ఒక్కరూ అనలేదు. నిజం చెప్పాలంటే, ఉపాధ్యాయుల గదిలో అదే ప్రశ్న అడిగితే అక్కడా దాదాపు అవే జవాబులు వచ్చాయి.

బోర్డు మీద లెక్క వేశాము. అమెరికా రేవులో 100 రూపాయల సరుకు దిగిందనుకుందాం. దాన్ని దించుకున్న వ్యాపారి 50 రూపాయలు తన ప్రభుత్వానికి కట్టాలి. ఆ భారమంతా తాను మోయలేడు కనుక కొంత తన దేశంలో కొనేవారిపై వేస్తాడు, కొంత తగ్గించమని మన ఎగుమతిదారును అడుగుతాడు. ఎగుమతిదారు ఆ మాట ఏజెంటుకు చెబుతాడు, ఏజెంటు చెరువు గట్టు మీద నిలబడి రైతుకు చెబుతాడు. అంటే "మన రైతు" అన్న పిల్లల జవాబు పూర్తిగా తప్పేమీ కాదు, అక్కడిదాకా వెళ్లే దారి మాత్రం వారికి తెలియదు. ఆ దారినే బాణం గుర్తులతో గీయించాను.

అప్పుడు వెనక బెంచీలో ఎప్పుడూ నోరు విప్పని ఒక అబ్బాయి లేచి, "మాస్టారూ, అమెరికాకు ఎక్కువగా పోయేది పెద్ద సైజు కదా, మా నాన్న పట్టింది వంద కౌంటు, దానికెందుకు తగ్గించారు?" అని అడిగాడు. (రొయ్యలతో పరిచయం లేనివారికి: కిలోకు ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంటు. వంద కౌంటు చిన్న సైజు, ముప్పై కౌంటు పెద్ద సైజు.) నా దగ్గర జవాబు లేదు, లేదనే చెప్పాను. అదే ఎఫ్‌ఏ (నిర్మాణాత్మక మూల్యాంకనం) ప్రాజెక్టు పనిగా ఇచ్చాను. తెలిసిన ఏజెంట్లను అడిగి వచ్చిన పిల్లలు చెప్పిందేమిటంటే, పెద్ద సైజుకు ధర ఉండదన్న భయంతో చాలామంది చెరువులను పెరగనివ్వకుండా ముందే పట్టేశారట, ఆ చిన్న సరుకంతా ఒక్కసారిగా మార్కెట్ మీద పడిందట. ఆ వివరణ ఎంతవరకు నిజమో తేల్చుకోవడానికి ఇద్దరు ముగ్గురు రైతులను కూడా అడిగి రమ్మన్నాను. ఆ వారం నేను చెప్పిన పాఠం కంటే ఆ అబ్బాయి అడిగిన ప్రశ్నే ఎక్కువ పని చేసింది.

తరువాతి పీరియడ్లు వాటంతట అవే నడిచాయి. రొయ్యల ఎగుమతిలో మనకు పోటీదారైన ఈక్వెడార్‌పై అప్పట్లో సుంకం 15 శాతమే. అట్లాసు తీస్తే ఆ దేశం అమెరికాకు ఎంత దగ్గరో కూడా పిల్లలకు కనిపించింది. విశాఖపట్నం రేవులో ఎక్కిన కంటైనర్ న్యూయార్క్‌కు ఏ దారిన వెళుతుందో గీయమంటే సూయజ్ కాలువ వచ్చింది, యెమెన్‌లోని హూతీ తిరుగుబాటుదారులు 2023 నవంబరు నుంచి ఎర్ర సముద్రంలో ఓడలపై దాడులు మొదలుపెట్టాక చాలా ఓడలు ఆఫ్రికా కొస చుట్టూ తిరిగి వెళ్లిన సంగతి వచ్చింది. చివరి పీరియడ్‌లో రష్యా చమురు, దానితో ఉక్రెయిన్ యుద్ధం. ప్రపంచీకరణ పాఠంలో చెప్పవలసినదంతా ఇందులోనే అయిపోయింది కనుక సిలబస్ వెనకబడలేదు. ఒక్క జాగ్రత్త: మీ నాన్నకు ఎంత నష్టం వచ్చిందని ఏ పిల్లవాడినీ తరగతిలో అడగకండి. అప్పుల సంగతి పదిమందిలో చెప్పుకునేది కాదు.

జవాబు: జగిత్యాల సోషల్ టీచర్

భీమవరం సార్ చెప్పిన చివరి మాట దగ్గర నుంచి నేను అందుకుంటాను. మా దగ్గర తరగతికి పదిమందికి తక్కువ కాకుండా తండ్రులు దుబాయిలోనో, మస్కట్‌లోనో, కువైట్‌లోనో ఉన్న పిల్లలుంటారు. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికులు ఉండే భవనం తగలబడి 40 మందికి పైగా భారతీయులు చనిపోయారు. బడులు తెరిచిన మొదటి రోజులు అవి. పుస్తకంలో వలసల గురించిన పాఠానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ దొరకదని నేను మరునాడే దాన్ని తరగతిలో ఎత్తాను. ఒక అమ్మాయి తల వంచుకుని ఏడ్చింది. వాళ్ల నాన్న క్షేమంగానే ఉన్నారు కాని, రాత్రంతా ఫోన్ కలవక ఇంట్లో ఎవరూ పడుకోలేదట. వార్త దగ్గరిదైనంత మాత్రాన వెంటనే పాఠం చేయకూడదని ఆ రోజు తెలుసుకున్నాను. నెల తరువాత, ఆ పిల్లల అనుమతి అడిగి, ఒక గదిలో ఎంతమంది ఉంటారు, పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంటుంది, యజమానిని మార్చుకోవాలంటే ఏం కావాలి అన్న ప్రశ్నలు వారితోనే రాయించి తండ్రులకు పంపించాను. కఫాలా (వలస కార్మికుడిని ఒకే యజమానికి కట్టిపడేసే గల్ఫ్ పద్ధతి) అన్న మాటకు అర్థం నేను చెప్పనక్కరలేకపోయింది. వాయిస్ మెసేజీలలో తండ్రులే చెప్పారు.

ఇక మీరు పడిన మాట గురించి, మేడమ్. బోర్డును మూడు గళ్లుగా చేయండి. మొదటి గడిలో జరిగింది, రెండో గడిలో ఎవరేమంటున్నారు, మూడో గడిలో నాకేమనిపిస్తోంది. మూడో గడిని పిల్లలు తమ నోటు పుస్తకంలోనే రాసుకుంటారు, బోర్డు మీద అది ఖాళీగా ఉంటుంది, నేను అందులో ఎప్పుడూ ఏమీ రాయను. గాజా గురించి నేను మొదటి గడిలో పెట్టినవి ఇవి: గాజా విస్తీర్ణం సుమారు 365 చదరపు కిలోమీటర్లు, అంటే ఇటీవలి విస్తరణకు ముందున్న గ్రేటర్ హైదరాబాద్‌లో సగం కంటే కొంచెం ఎక్కువ, అందులో 20 లక్షలకు పైగా జనం, 1947లో పాలస్తీనా విభజన ప్రణాళికకు ఐక్యరాజ్యసమితిలో భారతదేశం వ్యతిరేకంగా ఓటు వేసింది, 1988లో పాలస్తీనాను దేశంగా గుర్తించింది, 1992లో ఇజ్రాయెల్‌తో పూర్తి దౌత్య సంబంధాలు పెట్టుకుంది, 2023 అక్టోబరు 7న హమాస్ అనే పాలస్తీనా సాయుధ సంస్థ ఇజ్రాయెల్‌పై దాడి చేసి సుమారు 1,200 మందిని చంపింది, 250 మంది దాకా బందీలుగా పట్టుకుపోయింది, ఆపైన ఇజ్రాయెల్ చేసిన యుద్ధంలో గాజాలో పదుల వేల మంది చనిపోయారు. ఇందులో ఏ ఒక్కటి వదిలేసినా ఎవరో ఒకరు ఇంటి నుంచి వస్తారు, వారు రావడం న్యాయమే. ప్రతి పీరియడ్ చివర బోర్డును ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకుంటాను. రెండేళ్లలో ఒకసారి అది పనికివచ్చింది, వచ్చిన పెద్దమనిషి ఫోటో చూసి, "ఇదేనా? మావాడు ఇంకోలా చెప్పాడు" అని టీ తాగి వెళ్లారు.

జవాబు: విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, ఒంగోలు

పై ఇద్దరూ చెప్పినవి బాగున్నాయి. అయితే నాకు ఒక పేచీ ఉంది. రొయ్య నుంచి మొదలుపెట్టండి, గల్ఫ్ నుంచి మొదలుపెట్టండి, సరే. మన ఊరికి ఏ తీగా అందని వార్త మాటేమిటి? సూడాన్‌ను తీసుకోండి. 2023 ఏప్రిల్ 15న అక్కడ సైన్యానికీ, ర్యాపిడ్ సపోర్ట్ ఫోర్సెస్ అనే సాయుధ దళానికీ యుద్ధం మొదలైంది. మన ప్రభుత్వం ఆపరేషన్ కావేరి పేరుతో అక్కడున్న భారతీయులను వెనక్కు తెచ్చింది. ఆ పది పన్నెండు రోజులు మన పత్రికల్లో సూడాన్ మొదటి పేజీలో ఉంది. మనవాళ్లు వచ్చేశారు, వారితోపాటే వార్త కూడా ఇల్లు చేరుకుంది. ఆ తరువాత కోటి మందికి పైగా సూడాన్ ప్రజలు ఇళ్లు వదిలిపోయారు. నా మనవరాలి తరగతిలో ఆ దేశం ఏ ఖండంలో ఉందో చెప్పలేని వారున్నారు. మనకు తగిలేదే వార్త అని పిల్లలకు నేర్పితే, మనకు తగలనివారి కష్టం కష్టం కాదని కూడా పక్కనే నేర్పినట్టవుతుంది. కనుక నెలకొక వార్త లెక్కన ఏడాదికి పది వార్తలు చెబితే, వాటిలో రెండైనా మన జిల్లాతో, మన జేబుతో ఏ సంబంధమూ లేనివి ఉండాలని నా అభిప్రాయం. వాటికి ఆకర్షణ ఎక్కడి నుంచి వస్తుందని అడుగుతారేమో. పటం ముందు నిలబడి కథ చెప్పడం రాని సోషల్ మాస్టారు ఉండడని నా నమ్మకం.

భద్రతా మండలి గురించి మేడమ్ గారి విద్యార్థిని అన్న మాట చదివి నవ్వుకున్నాను, ఎందుకంటే నా విద్యార్థులూ అంతే. ఉద్యోగంలో ఉన్న చివరి రోజుల్లో నేను చేసిన పని చెబుతాను. ఐక్యరాజ్యసమితి భద్రతా మండలిలో 15 దేశాలుంటాయి కనుక గుండ్రంగా 15 కుర్చీలు వేయించి, ఒక్కొక్క దాని మీద ఒక దేశం పేరు అంటించాను. అమెరికా, రష్యా, చైనా, ఫ్రాన్స్, బ్రిటన్ కుర్చీల వెనక ఎర్ర గుడ్డ కట్టించాను. 2022 ఫిబ్రవరి 25న ఉక్రెయిన్‌పై దాడిని ఖండిస్తూ వచ్చిన తీర్మానాన్ని ఓటింగ్‌కు పెట్టాము. అప్పుడు మండలిలో ఏం జరిగిందో అదే చేయించాను: 11 మంది చేతులెత్తారు, చైనా, యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్, భారతదేశం కుర్చీల్లోని పిల్లలు చేతులు ముడుచుకున్నారు, రష్యా కుర్చీలోని అమ్మాయి ఒక్కతే వద్దంది. తీర్మానం వీగిపోయిందని ప్రకటించాను. "పదకొండు మంది ఔనన్నా, ఒక్కరు వద్దంటే పోతుందా మాస్టారూ?" అని పిల్లలు నిజంగానే కోపం తెచ్చుకున్నారు. ఎర్ర గుడ్డ ఎందుకు కట్టానో అప్పుడు చెప్పాను: ఆ ఐదు శాశ్వత సభ్య దేశాల్లో ఏ ఒక్కటి వద్దన్నా తీర్మానం పోతుంది, దాన్నే వీటో అంటారు. మరునాడు ఇదే విషయం మీద మార్చి 2న, సభ్య దేశాలన్నీ ఉండే ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో జరిగిన ఓటింగ్ లెక్క రాశాను: అనుకూలంగా 141, వ్యతిరేకంగా 5, తటస్థంగా 35. అక్కడ వీటో లేదు కనుక తీర్మానం నెగ్గింది, కాని దానికి కట్టుబడి తీరాలన్న నిబంధన లేదు కనుక యుద్ధం ఆగలేదు.

అక్కడితో అయిపోలేదు. రెండు చోట్లా భారతదేశం తటస్థంగా ఎందుకు ఉందన్న ప్రశ్న పిల్లలే వేశారు. ఆ రోజుల్లో మన వైద్య విద్యార్థులు వేలమంది ఉక్రెయిన్‌లో చిక్కుకుని ఉన్నారని ఒకరు, మన సైన్యానికి ఆయుధాలు రష్యా నుంచే ఎక్కువగా వస్తాయని మరొకరు, దాడి చేసినవారిని తప్పని అనకపోవడం తప్పేనని ఇంకొకరు. నేను ఎవరికీ మార్కులు వేయలేదు. మార్కులు వేస్తే పిల్లలు నాకు నచ్చే జవాబు కోసం వెతుకుతారు.

జవాబు: కంప్యూటర్ ల్యాబ్ ఇన్‌ఛార్జ్

వీడియోల గురించి మాత్రమే చెబుతాను. పిల్లలు చూసి వచ్చిన వీడియో తప్పని మీరు చెబితే నమ్మరు, తప్పని వారి చేతనే పట్టించాలి. 'ఆర్మా 3' అనే యుద్ధ వీడియో గేమ్ దృశ్యాలను ఉక్రెయిన్, గాజా యుద్ధాల నిజమైన వీడియోలంటూ ప్రపంచమంతా పంచుకున్నారు. ఆ గేమ్ తయారు చేసిన కంపెనీయే 2022 నవంబరులోనే, అవి మా గేమ్‌లోవి, నమ్మకండి అని ప్రకటన ఇచ్చుకోవలసి వచ్చింది. మా తొమ్మిదో తరగతిలో అలాంటి ఒక వీడియోను పెద్ద తెర మీద వేసి, ఇది నిజమా కాదా, ఎందుకు, అని అడిగాను. కెమెరా అసలు వణకడం లేదని, పేలుడు జరిగినా మనిషి గొంతు ఒక్కటీ వినిపించడం లేదని, పొగ గాలివాటాన పోవడం లేదని పిల్లలే పట్టుకున్నారు. గేములాడే పిల్లలకు ఇందులో మనకంటే కన్ను ఎక్కువ. ఆ తరువాత వీడియోను ఒకచోట ఆపి, ఆ బొమ్మ ఇంకెక్కడెక్కడ ఉందో గూగుల్ లెన్స్‌లో వెతకడం నేర్పాను. ఇప్పుడు ఇంట్లో పెద్దలు ఫార్వర్డ్ చేసేవాటిని సరిదిద్దుతున్నారని ఒకరిద్దరు తల్లులు ఫిర్యాదు కూడా చేశారు.

ప్రశ్న అడిగినవారి స్పందన: పల్నాడు సోషల్ మేడమ్

అందరికీ ధన్యవాదాలు. ఈ నెల ముఖ్యాంశాలు చదివించడం ఆపేసి, ఒకే వార్త తీసుకున్నాను. మాకు రొయ్యలు లేవు, పత్తి ఉంది. అమెరికా సుంకాలు వచ్చిన ఆ ఆగస్టులోనే మన కేంద్ర ప్రభుత్వం విదేశీ పత్తిపై ఉన్న 11 శాతం దిగుమతి సుంకాన్ని 19వ తేదీ నుంచి తాత్కాలికంగా ఎత్తివేసింది. మొదట సెప్టెంబరు వరకు అన్నది డిసెంబరు ఆఖరు దాకా పొడిగించింది. మొదటి పీరియడ్‌లో భీమవరం మాస్టారి ప్రశ్ననే వాడుకున్నాను, రొయ్యల లెక్క చెప్పాను. పిల్లలందరూ ఏకమై, సుంకం వేయడం అన్యాయమని, అమెరికా మన రైతును చంపేస్తోందని ఆవేశపడ్డారు. మూడు గళ్ల బోర్డులో మూడో గడి ఖాళీగా ఉంచడం నాకు ఎంత కష్టమైందో చెప్పలేను.

రెండో పీరియడ్‌లో మన పత్తి సుంకం సంగతి చెప్పాను. నిన్న సుంకం అన్యాయమన్న పిల్లలే, పత్తి సుంకం ఎత్తివేయడం అన్యాయమని, వెంటనే మళ్లీ వేయాలని లేచి నిలబడ్డారు. పొడుగు పింజ పత్తికి 2025-26లో క్వింటాలుకు 8,110 రూపాయల మద్దతు ధర ఉన్నా, తేమ ఎక్కువ ఉందని సీసీఐ (కేంద్ర ప్రభుత్వ పత్తి సంస్థ) కొనుగోలు కేంద్రంలో వెనక్కు పంపితే బయటి వ్యాపారికి తక్కువకే అమ్మవలసి వస్తుందని, విదేశీ పత్తి చౌకగా దిగితే ఆ వ్యాపారి ఇంకా తగ్గిస్తాడని ఒక అబ్బాయి వివరంగా చెప్పాడు. అప్పుడు, గుంటూరు వైపు ఒక స్పిన్నింగ్ మిల్లులో వాళ్ల పిన్ని పని చేస్తుందని ఒక అమ్మాయి అంది. అమెరికా సుంకంతో బట్టల ఎగుమతి పడిపోయిందట, పత్తి అయినా చౌకగా దొరక్కపోతే మిల్లు షిఫ్టులు తగ్గిస్తారట, కాబట్టి సుంకం ఎత్తివేయడమే మంచిదట. ఆ అబ్బాయి, "అయితే మీ పిన్ని కోసం మా నాన్న తక్కువకు అమ్ముకోవాలా?" అన్నాడు. "మీ నాన్న కోసం మా పిన్ని పని మానుకోవాలా?" అంది ఆ అమ్మాయి.

ఇద్దరూ నా వైపు చూశారు. బెల్లు కొట్టారు కాబట్టి బతికిపోయాను. ఎల్లుండి మూడో పీరియడ్ ఉంది. ఒంగోలు మాస్టారు గారూ, మీ కుర్చీల పద్ధతి దీనికి పనికివస్తుందా? రైతు, జిన్నింగ్ (పత్తి నుంచి గింజలు వేరుచేసే) మిల్లు యజమాని, స్పిన్నింగ్ మిల్లు కార్మికురాలు, బట్టల ఎగుమతిదారు, ప్రభుత్వం అని ఐదు కుర్చీలు వేద్దామనుకుంటున్నాను. ఎర్ర గుడ్డ ఎవరి కుర్చీకి కట్టాలో మాత్రం తేలడం లేదు.